క్రెటానా, టైగనా? ప్రయాణ సుఖం, సీట్లు, ఇంజిన్ సత్తా చూసి తేల్చుకోండి

రెండు బ్రోషర్లు పక్కపక్కన పెట్టుకుని, పవర్ రాసి ఉన్న గడి చూసి కారు ఎంచుకునేవాళ్లు చాలామంది. టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపి సత్తా పెంచే ఏర్పాటు. హ్యుందాయ్ క్రెటా టర్బో పెట్రోల్‌ది 160 పీఎస్ (పవర్ కొలత), ఫోక్స్‌వ్యాగన్ టైగన్ 1.5 టీఎస్ఐది (ఆ కంపెనీ టర్బో పెట్రోల్ పేరు) 150 పీఎస్. టార్క్ (ఇంజిన్ తిప్పే బలం, కొలత ఎన్ఎం) ఒకదానికి 253 ఎన్ఎం, మరోదానికి 250. ఈ తేడా డ్రైవర్ కాలికి తెలియదు. రెండూ నిలబడ్డ చోటు నుంచి 100 కి.మీ. వేగాన్ని సుమారు 9 సెకన్లలో అందుకుంటాయి. కాబట్టి టర్బోకి టర్బో పోల్చుకుంటే పవర్ దగ్గర ఏమీ తేలదు. వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు, బండి ఎక్కువగా ఏ వేగంలో తిరుగుతుంది, మీ దారిలో గతుకులు ఎలాంటివి అన్న మూడు ప్రశ్నల దగ్గరే తేలుతుంది. అందరూ టర్బో కొనరు కాబట్టి నాలుగో ప్రశ్న కూడా ఉంది: ఏ ఇంజిన్? అసలు చిక్కంతా అక్కడే.

ఇక్కడ చెప్పేది 2024 జనవరిలో కొత్త రూపంలో వచ్చిన క్రెటా గురించి, 2021లో విడుదలైన టైగన్ గురించి. స్కోడా కుషాక్ కూడా టైగన్ ప్లాట్‌ఫామ్ మీదే, అవే ఇంజిన్లతో వచ్చింది. కాబట్టి టైగన్ గురించి చెప్పిన దాంట్లో చాలా భాగం దానికీ వర్తిస్తుంది.

సస్పెన్షన్ అమరిక ఒకటే, నడక వేరు

రెండింటికీ ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ ఒకే కంబంగా ఉండే అమరిక), వెనక టార్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే దూలం). వెనక చక్రాలకు విడివిడిగా పనిచేసే మల్టీలింక్ అమరిక రెండింటిలోనూ లేదు. ‘మా సస్పెన్షనే వేరు సార్’ అని సేల్స్‌మన్ అంటే, వేరేది స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్, బుష్‌ల (కీళ్ల దగ్గరి రబ్బరు ముక్కల) సెట్టింగ్ మాత్రమేనని అర్థం. ఆ సెట్టింగ్‌లోనే రెండు కంపెనీలూ చెరో దారి పట్టాయి.

క్రెటా మెత్తగా పోతుంది. 20-40 కి.మీ. వేగంలో చిన్న గుంతలు, మ్యాన్‌హోల్ మూతలు, అతుకులేసిన తారు మీద క్యాబిన్‌లోకి వచ్చే దెబ్బ తక్కువ. టైగన్ అదే వేగంలో గట్టిగా ఉంటుంది. గుంత అంచు పదునుగా ఉంటే ఆ దెబ్బ సీటు దాకా వస్తుంది. 80 దాటాక కథ తిరగబడుతుంది. హైవే మీద రోడ్డు అలలా లేచి దిగే చోట క్రెటా బాడీ పైకి లేచి, దిగి, మరోసారి ఊగి గానీ కుదురుకోదు. టైగన్ ఒకే ఊపులో కుదురుకుంటుంది. ముందు సీట్లో ఉన్నవాళ్లు దీన్ని పెద్దగా పట్టించుకోరు. వెనక కూర్చున్న పిల్లలకు కడుపులో తిప్పేది మాత్రం గుంతల దెబ్బ వల్ల కంటే ఈ నెమ్మది ఊగుడు వల్లే ఎక్కువ. ఇంట్లో ఎవరికైనా కారు ప్రయాణంలో వాంతుల అలవాటుంటే, క్రెటా వెనక సీట్లో వాళ్లను కూర్చోబెట్టి హైవే మీద 90లో ఓ పదిహేను నిమిషాలు నడిపించి చూడకుండా నిర్ణయం తీసుకోకండి.

టైర్ల పాత్ర సస్పెన్షన్‌కు తీసిపోదు. క్రెటా పై వేరియంట్లలో 215/60 ఆర్17, టైగన్ పై వేరియంట్లలో 205/55 ఆర్17 టైర్లు వస్తాయి. మొదటి అంకె టైరు వెడల్పు మి.మీ.లలో, రెండోది అందులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది చక్రం సైజు అంగుళాల్లో. వెడల్పులో 60 శాతం అంటే క్రెటా టైరు పక్కగోడ 129 మి.మీ., 55 శాతం అంటే టైగన్‌ది 113 మి.మీ. గుంత అంచుకు, చక్రం రిమ్ముకు మధ్య క్రెటాకు 16 మి.మీ. రబ్బరు ఎక్కువ ఉందన్నమాట. తక్కువ వేగంలో క్రెటా మెత్తదనంలో ఇదో పెద్ద భాగం. టైగన్ కింది వేరియంట్లలో ఉండే 205/60 ఆర్16 టైరుకు 123 మి.మీ. పక్కగోడ ఉంటుంది. టైగన్ నచ్చింది గానీ గట్టిగా ఉందనిపించినవాళ్లు 16 అంగుళాల చక్రాలున్న వేరియంట్ నడిపి చూడాలి. అందం తగ్గుతుంది, నడుము సంతోషిస్తుంది. క్రెటాలోనే స్పోర్టీ రకమైన ఎన్ లైన్ దీనికి పూర్తి వ్యతిరేక దిశలో ఉంది: 18 అంగుళాల చక్రాలు, కాస్త బిగించిన సస్పెన్షన్. మామూలు క్రెటాను టెస్ట్ డ్రైవ్ చేసి ఎన్ లైన్ బుక్ చేస్తే డెలివరీ రోజున వేరే కారు నడిపినట్టే ఉంటుంది.

బరువు ఎక్కితే లెక్క మళ్లీ మారుతుంది. ఐదుగురు, డిక్కీ నిండా సామాను ఉన్నప్పుడు గట్టి స్ప్రింగులున్న టైగన్ నడక నిజానికి మెరుగవుతుంది. మెత్తటి క్రెటా వెనక భాగం కిందికి దిగుతుంది, పెద్ద స్పీడ్ బ్రేకర్ మీద సస్పెన్షన్ చివరి దాకా వెళ్లి ‘దబ్’ మనే అవకాశం పెరుగుతుంది. గ్రౌండ్ క్లియరెన్స్ 190, 188 మి.మీ. అని చెప్పేవి ఖాళీ బండి అంకెలు, ఆ 2 మి.మీ. తేడాకు విలువ లేదు. రెండూ ముందు చక్రాలతో నడిచేవే, ఫోర్ వీల్ డ్రైవ్ దేనిలోనూ దొరకదు. వానాకాలంలో బురద దారి దాటాల్సిన అవసరం తరచూ ఉంటే ఈ రెండూ మీ జాబితాలో ఉండకూడదు.

మొదట టైర్లలో గాలి చూడండి

టెస్ట్ డ్రైవ్‌లలో జరిగే తప్పు తీర్పులకు పెద్ద కారణం గాలి. ఫ్యాక్టరీ నుంచి లారీ మీద వచ్చే కార్లకు రవాణా కోసం టైర్లలో గాలి ఎక్కువగా నింపుతారు, షోరూమ్‌లో దాన్ని తగ్గించడం చాలాసార్లు మరిచిపోతారు. 33 ఉండాల్సిన చోట 42 పీఎస్ఐ ఉంటే ఎంత మంచి కారైనా చెక్కబండిలా కొడుతుంది. డ్రైవర్ తలుపు దగ్గర పిల్లర్ మీదో, పెట్రోల్ మూత లోపలివైపో కంపెనీ సూచించిన అంకెల స్టిక్కర్ ఉంటుంది. తక్కువ మందికి ఒక అంకె, పూర్తి బరువుకు ఇంకో అంకె ఉంటాయి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు రెండు కార్లలోనూ స్టిక్కర్ ప్రకారం సరిచేయించాకే నడపండి. ఈ పని చేయమని అడిగితే షోరూమ్‌వాళ్లు కాస్త వింతగా చూస్తారు, పర్లేదు.

సీట్లు

వెనక ముగ్గురు కూర్చోవాలంటే క్రెటా. ఇందులో పెద్దగా వాదన లేదు. క్రెటా వెడల్పు 1790 మి.మీ., టైగన్‌ది 1760. తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ, టైగన్‌లో వెనక నేల మధ్యలో గట్టు ఎత్తుగా ఉంటుంది. మధ్యలో కూర్చున్నవాళ్లు కాళ్లు రెండు వైపులా చాపుకోవాలి, వాళ్ల భుజాలు పక్కవాళ్ల భుజాలకు ఒత్తుకుంటాయి. ఇద్దరే కూర్చుంటే టైగన్ వెనక సీటు చాలా బాగుంటుంది. తొడల కింద ఆసరా బాగా అందుతుంది, మోకాళ్లకు చోటుకు కొరతలేదు. బయటి పొడవులో క్రెటా (4330 మి.మీ.) కంటే టైగన్ (4221 మి.మీ.) పొట్టిదైనా, ముందు వెనక చక్రాల మధ్య దూరం టైగన్‌దే ఎక్కువ: 2651 మి.మీ., క్రెటాకు 2610. ఆ మిగులు చోటంతా ప్రయాణికుల కాళ్ల దగ్గరికి వెళ్లింది. దానికి మూల్యం డిక్కీ కట్టింది: 385 లీటర్లు, క్రెటాకు 433.

క్రెటా వెనక సీటు వీపును రెండు స్థాయిల్లో వాల్చుకోవచ్చు, టైగన్‌లో ఆ వీలు లేదు. నాలుగైదు గంటల ప్రయాణాలు చేసే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ ఒక్క అంశం మీదే క్రెటా తీసుకున్నా తప్పు లేదు.

ముందు సీట్ల సంగతి వేరు. షోరూమ్‌లో ఐదు నిమిషాలు కూర్చుంటే మెత్తటి సీటే గెలుస్తుంది. మూడో గంటలో మెత్తటి ఫోమ్ అణిగిపోయి నడుము కింద ఖాళీ మొదలవుతుంది. టైగన్ ముందు సీటు మొదట గట్టిగా తోస్తుంది. పక్కలకు ఎత్తుగా ఉండే అంచులు మలుపుల్లో ఒంటిని పట్టి ఉంచుతాయి, దూర ప్రయాణంలో డ్రైవర్ అలసట తగ్గుతుంది. కాస్త భారీ మనుషులకు అవే అంచులు తొడలకు ఒత్తుకుంటాయి. కొలతలు చూసి ఇది తేల్చలేం, కూర్చోవాల్సిందే. చల్లగాలి వచ్చే ముందు సీట్లు రెండింటి పై వేరియంట్లలోనూ ఉన్నాయి. మన ఎండలకు సన్‌రూఫ్ కన్నా ఇవే పనికొస్తాయి. సన్‌రూఫ్ అంటే గుర్తొచ్చింది: క్రెటా పనోరమిక్ సన్‌రూఫ్ ఫ్రేమ్ కొంత చోటు తీసుకుంటుంది, వెనక కూర్చునేవాళ్లు ఆరడుగుల మనుషులైతే తల తగులుతుందేమో చూసుకోవాలి.

మూడు ఇంజిన్లు, ఒకే 115

క్రెటా మామూలు (టర్బో లేని) 1.5 పెట్రోల్ 115 పీఎస్. టైగన్ 1.0 టీఎస్ఐ 115 పీఎస్. క్రెటా 1.5 డీజిల్ 116 పీఎస్. బ్రోషర్ ప్రకారం ఈ మూడూ సమానం. నడిపితే మూడూ మూడు రకాల బళ్లు.

ఎందుకంటే బ్రోషర్‌లోని పీఎస్ అంకె ఇంజిన్ బాగా తిరుగుతున్నప్పుడు ఒక్కచోట అందే గరిష్ఠ పవర్. రోజూ మనం నడిపేది 1500-2500 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) మధ్య. అక్కడ చూడాల్సింది టార్క్ ఎంత, అది ఎక్కడ మొదలవుతుంది అని. మామూలు పెట్రోల్‌కు 144 ఎన్ఎం, అదీ 4500 ఆర్‌పీఎం దగ్గర. 1.0 టీఎస్ఐకి 178 ఎన్ఎం, 1750 నుంచే. డీజిల్‌కు 250 ఎన్ఎం, 1500 నుంచి 2750 దాకా. 2000 ఆర్‌పీఎం దగ్గర లెక్కగడితే డీజిల్ చేతిలో సుమారు 71 పీఎస్ ఉంటుంది, 1.0 టీఎస్ఐ చేతిలో 51. మామూలు పెట్రోల్ తన గరిష్ఠ టార్క్ మొత్తం అక్కడే ఇవ్వగలిగినా 41 దాటదు, నిజానికి ఇంకా తక్కువే ఇస్తుంది. ఐదుగురితో, ఏసీతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడూ ఎందుకంత వేరుగా ఉంటాయో ఈ అంకెలే చెబుతాయి.

దీన్నిబట్టి మామూలు పెట్రోల్ పనికిరాదని కాదు. నగరంలో నెమ్మదిగా, నున్నగా, చప్పుడు లేకుండా తిరగడానికి అంత హాయైన ఇంజిన్ ఈ మూడింట్లో మరొకటి లేదు. ఐవీటీ గేర్‌బాక్స్‌తో (మెట్లుమెట్లుగా గేర్లు మారని హ్యుందాయ్ ఆటోమేటిక్) అయితే కుదుపన్నదే ఉండదు. దాని బలహీనత హైవే మీద 80 నుంచి 110కి ఓవర్‌టేక్ చేసేటప్పుడు బయటపడుతుంది. యాక్సిలరేటర్ నొక్కగానే ఇంజిన్ 4000 పైకి ఎక్కి మోగుతుంది, వేగం మాత్రం తీరిగ్గా వస్తుంది. రెండు లేన్ల రోడ్డు మీద ఎదురుగా లారీ వస్తున్నప్పుడు ఆ తీరిక ఉండదు. వారాంతాల్లో ఊళ్లు తిరిగే కుటుంబమైతే దీన్ని వదిలేయడమే మంచిది.

1.0 టీఎస్ఐ మూడు సిలిండర్ల ఇంజిన్. బండి ఆగి ఇంజిన్ తిరుగుతున్నప్పుడు సన్నటి వణుకు స్టీరింగ్‌లో తెలుస్తుంది. 1700 లోపు టర్బో నిద్రలో ఉన్నట్టుంటుంది. ఏసీ వేసుకుని ఎత్తు మీద ఆగి కదిలేటప్పుడు మాన్యువల్ గేర్లు నడిపేవాళ్లు క్లచ్ తొందరగా వదిలితే బండి ఆగిపోతుంది. ఇంజిన్ 2000 చేరేదాకా మొదటి గేర్‌లో ఓపిక పట్టడం అలవాటు చేసుకోవాలి. ఆ గీత దాటాక దాని హుషారు 1.0 లీటర్ అంటే నమ్మబుద్ధి కాదు. ఇంజిన్ చిన్నదని పన్ను తగ్గుతుందనుకోకండి. కారు పొడవు 4 మీటర్లు దాటింది కాబట్టి 2025 సెప్టెంబరు 22 తర్వాతి జీఎస్టీ లెక్కలో ఇది కూడా 40 శాతం వర్గంలోనే ఉంది.

డీజిల్ ఈ తరగతిలో ఇంకా అమ్ముడుపోవడానికి కారణం మైలేజీ ఒక్కటే కాదు, ఆ 250 ఎన్ఎం కూడా. ఘాట్ రోడ్లు, నిండు బరువు, నెలకు 1500 కి.మీ. పైన తిరుగుడు ఉన్నవాళ్లకు క్రెటా డీజిల్ ఆటోమేటిక్‌కు దీటైనది టైగన్‌లో లేదు, టైగన్‌లో డీజిలే లేదు. అయితే రోజూ 4-5 కి.మీ. ఆఫీసుకు వెళ్లి వచ్చేవాళ్లు డీజిల్ జోలికి పోకూడదు. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ తనను తాను కాల్చి శుభ్రం చేసుకోవాలంటే అది బాగా వేడెక్కాలి. చిన్న దూరాలకు ఆ వేడి రాదు, మసి పేరుకుని హెచ్చరిక లైటు వెలుగుతుంది. వెలిగితే 60 కి.మీ. పైన, 1500-2500 ఆర్‌పీఎంలో ఓ 25 నిమిషాలు ఆపకుండా నడపాలి. లైటును పట్టించుకోకుండా తిరిగితే పని వర్క్‌షాప్ దాకా వెళ్తుంది.

ఇక 1.5 టర్బోలు. రెండూ గొప్ప ఇంజిన్లే. టైగన్ 1.5 ఇంజిన్ మీద భారం తక్కువగా ఉండి నిలకడ వేగంలో పోతున్నప్పుడు నాలుగు సిలిండర్లలో మధ్య రెండింటిని ఆపేసుకుంటుంది, మీటర్‌లో చూస్తే తప్ప తెలియదు. హైవే మైలేజీలో దాని లాభం కనిపిస్తుంది. నగరంలో మాత్రం రెండూ పెట్రోల్ తాగుతాయి, లీటరుకు 10 చుట్టుపక్కలకు దిగినా ఆశ్చర్యపోనక్కర్లేదు. టర్బోకు మాన్యువల్ గేర్లు కావాలంటే క్రెటాలో ఎన్ లైన్ మాత్రమే దారి. టైగన్ 1.5కి మాన్యువల్ ఉంది.

ట్రాఫిక్‌లో డ్రై క్లచ్

రెండు 1.5 టర్బోల ఆటోమేటిక్‌లూ 7 గేర్ల డ్యూయల్ క్లచ్‌లే, అంటే రెండు క్లచ్‌లు వంతులవారీగా గేర్లు మార్చే రకం. హ్యుందాయ్ డీసీటీ అంటుంది, ఫోక్స్‌వ్యాగన్ డీఎస్‌జీ అంటుంది. రెండూ డ్రై క్లచ్ రకం, అంటే క్లచ్ పళ్లాలను చల్లబరిచే నూనె ఉండదు. ఖాళీ రోడ్డు మీద ఇంత చురుకైన గేర్‌బాక్స్ దొరకదు. బంపర్‌కు బంపర్ ఆనించి పాకే ట్రాఫిక్‌లో మాత్రం క్లచ్ పూర్తిగా పట్టుకోకుండా, పూర్తిగా వదలకుండా జారుతూ ఉంటుంది. ఆ జారుడే వేడి. ముందు మొదటి గేర్‌లో వణుకు, తర్వాత కుదుపు, మరీ ముదిరితే మీటర్‌లో వేడెక్కిందన్న హెచ్చరిక.

తప్పించుకునే పద్ధతి సులువే. ముందు బండి అడుగు కదిలితే మీరూ అడుగు కదలకండి, రెండు మూడు కార్ల ఖాళీ వచ్చాక ఒకేసారి కదలండి. బ్రేక్ గట్టిగా నొక్కి ఉంచితే క్లచ్ విడిపోతుంది, సగం సగం నొక్కితే జారుతుంది. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. క్రెటా పై వేరియంట్లలో ఉండే ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్, ఆటో హోల్డ్ (బ్రేక్ మీద కాలు తీసినా ఆగిన బండిని పట్టి ఉంచేది) ఇక్కడ నిజంగా ఉపయోగపడతాయి. టైగన్‌లో చేత్తో లాగే హ్యాండ్‌బ్రేకే.

రోజుకు గంటన్నర గడ్డకట్టిన ట్రాఫిక్‌లో ఉండేవాళ్లకు మాత్రం, 1.5 టర్బో మీద ఎంత మోజున్నా, టార్క్ కన్వర్టరే (క్లచ్ బదులు నూనె ద్వారా శక్తిని అందించే ఆటోమేటిక్) సరి. టైగన్ 1.0కి 6 గేర్ల టార్క్ కన్వర్టర్ ఉంది, క్రెటా డీజిల్‌కు కూడా అదే రకం. లేదంటే క్రెటా ఐవీటీ.

మిగతావి క్లుప్తంగా. క్రెటా స్టీరింగ్ తేలిక, పార్కింగ్‌లో హాయి. టైగన్‌ది వేగం పెరిగే కొద్దీ బరువెక్కి హైవే మీద నమ్మకమిస్తుంది. బ్రేకులు క్రెటాకు నాలుగు చక్రాలకూ డిస్క్, టైగన్‌కు వెనక డ్రమ్. రోజువారీ నడకలో తేడా తెలియదు, పెద్ద ఘాట్ దిగేటప్పుడు ఏదైనా సరే 2 లేదా 3వ గేర్‌లో ఇంజిన్‌తోనే వేగం ఆపాలి. సర్వీసు గడువు హ్యుందాయ్‌కు 10,000 కి.మీ. లేదా ఏడాది, ఫోక్స్‌వ్యాగన్‌కు 15,000 కి.మీ. లేదా ఏడాది. కానీ మీ జిల్లాలో ఫోక్స్‌వ్యాగన్ వర్క్‌షాప్ ఎంత దూరంలో ఉందో ముందు చూసుకోండి. కార్లను గుద్దించి భద్రత పరీక్షించే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ 2022 పరీక్షల్లో టైగన్‌కు 5 స్టార్లు, అప్పటి క్రెటాకు 3 వచ్చాయి. ఆ 3 పాత క్రెటాకు సంబంధించినవి, 2024 కారుకు అంటగట్టకూడదు.

టెస్ట్ డ్రైవ్ ఎలా చేయాలి

ఒంటరిగా, నున్నటి రోడ్డు మీద చేసే రెండు కిలోమీటర్ల టెస్ట్ డ్రైవ్ వల్ల ఏమీ తెలియదు. ఇంట్లో రోజూ ఎక్కేవాళ్లందరినీ తీసుకెళ్లండి. రెండు కార్లనూ ఒకే రోజు, ఒకే దారిలో, ఏసీ వేసే మధ్యాహ్నం వేళ నడపండి.

మొదట మీకు తెలిసిన చెత్త రోడ్డు మీద 30లో పోనివ్వండి. తల పక్కలకు ఎంత ఊగుతుందో వెనకవాళ్లను అడగండి. తర్వాత పెద్ద స్పీడ్ బ్రేకర్‌ను 20లో, నిండు బరువుతో దాటండి. వెనక నుంచి దబ్బుమన్న శబ్దం వస్తుందా? ఫ్లైఓవర్ ఎత్తులో పూర్తిగా ఆగి మళ్లీ కదలండి. హైవే మీద 80 నుంచి 110కి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, ఎన్ని సెకన్లు పట్టిందో పక్కవాళ్లను ఫోన్‌లో కొలవమనండి. ఆపై ఒకసారి డ్రైవర్ సీటు వదిలి మీరే వెనక మధ్యలో కూర్చుని పది నిమిషాలు ప్రయాణించండి. కొనేవాళ్లు సాధారణంగా చేయని పని ఇదే, టైగన్ విషయంలో చాలావరకు తేల్చేసేదీ ఇదే.

నడిపిన కారు వేరియంట్, చక్రం సైజు, గేర్‌బాక్స్ మీరు బుక్ చేయబోయేవే అయి ఉండాలి. షోరూమ్‌లో అది లేకపోతే తెప్పించమనండి, లేదా వేరే షోరూమ్‌కు వెళ్లండి. డెలివరీ రోజు టైర్ల పక్కగోడ మీద నాలుగు అంకెల తయారీ సంఖ్య చూడండి: మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. స్టెప్నీతో సహా అన్ని టైర్లవీ దగ్గరదగ్గరగా ఉండాలి. గాలి స్టిక్కర్ ప్రకారం ఉందో లేదో అప్పుడే గేజ్ పెట్టించి చూసుకుని బయల్దేరండి.